ఇస్సాకారు దీవెన కోసం సజ్జా దాకా

మా అన్నయ్య దుబాయ్ వెళ్ళి పందొమ్మిదేళ్ళు కావస్తోంది. ఈలోపల ఇంటి దగ్గర అతనికి దక్కకుండా పోయినవన్నీ ఒకసారి వరసగా రాసుకున్నాను. క్రిస్మస్‌లు పందొమ్మిది. పెళ్ళిళ్ళు పదహారు జరిగితే పదమూడు. చావులు ఏడు జరిగితే ఆరు. ఆ ఆరింటిలో మా నాన్నది ఒకటి, 2020లో, విమానాలు ఆగిపోయిన నెలల్లో. కొడుక్కి గొంతు మారడం, మీసం రావడం, పదో తరగతి తప్పడం, మళ్ళీ రాసి గట్టెక్కడం. అతని సొంత దవడ పళ్ళు రెండు. వీటన్నిటికీ కలిపి మొత్తం వెయ్యలేదు. నేను మార్కాపురం దగ్గర కలప అడితిలో దుంగలు కొలుస్తాను. ఘనపుటడుగుల లెక్క నాకెవరూ నేర్పలేదు, పక్కన నిలబడి చూసి నేర్చుకున్నాను. టేకునూ వేపనూ కలిపి మొత్తం వెయ్యకూడదన్నది అందులో మొదటి పాఠం.

మొన్న ఫిబ్రవరిలో తొమ్మిది రోజులు అన్నయ్య దగ్గరికి వెళ్ళొచ్చాను. చూడ్డానికి వెళ్ళిన మాట నిజమే కానీ, అసలు పని వేరే ఉంది.

మా ఇంట్లో ఒక ఆచారం ఉంది. యాకోబు చనిపోయే ముందు పన్నెండు మంది కొడుకులనూ మంచం చుట్టూ పిలిచి ఒక్కొక్కరికి ఒక్కో మాట చెప్పాడు కదా. ఆ మాట ఆ కొడుకుతో ఆగలేదు, వాడి పిల్లలకూ వాళ్ళ పిల్లలకూ వారసత్వంగా దిగింది. మా నాన్న చర్చి బడిలో పంతులు. ఇంట్లో మగపిల్లవాడు పుడితే నెత్తి మీద చెయ్యి పెట్టి, ఆ పన్నెండు పేర్లలో ఒకటి పెట్టి, ఆ పేరుకు చెందిన మాట చెప్పేవాడు. ఎవరి చెయ్యీ పడని తలకు మా ఇంట్లో పేరు పెట్టరు.

నాకు జెబూలూను వచ్చింది. సముద్రపు రేవున కాపురం, ఓడలకు ఆశ్రయం. మా ఊరికి సముద్రం నూటికి పైగా కిలోమీటర్లు. అన్నయ్యకు ఇస్సాకారు వచ్చింది. అతని మాటలో నాలుగు ముక్కలున్నాయి. ఎముక పుష్టి ఉన్న గాడిద రెండు దొడ్ల మధ్య పడుకుంది. విశ్రాంతి మంచిదనీ నేల బాగుందనీ చూసింది. బరువుకు భుజం వంచింది. వెట్టికి లోబడింది. మా బడిలో పిల్లలకు మొదటి ముక్క ఒక్కటే గుర్తుండేది. పదేళ్ళు వచ్చేదాకా అన్నయ్యను గాడిదనే పిలిచారు.

ఇప్పుడు అన్నయ్య కొడుకు నఫ్తాలికి కొడుకు పుట్టాడు, దుబాయ్‌లోనే. నాన్న లేడు కాబట్టి చెయ్యి పెట్టవలసింది తాతగా అన్నయ్య. అతను పెట్టనంటున్నాడు. అక్కడ పుట్టిన బిడ్డకు నూట ఇరవై రోజుల్లో వీసా పడాలి. వీసాకు పాస్‌పోర్టు, పాస్‌పోర్టుకు పేరు. నేను విమానం ఎక్కిననాటికి బిడ్డకు ఎనభై ఒక్క రోజులు. మా వదిన గోంగూర పచ్చడి మూడు కిలోలూ, కారం రెండు కిలోలూ కట్టి ఇచ్చి, "చెయ్యి పెట్టించకుండా రాబాక జెబూ" అంది. సంచీ ఇరవై తొమ్మిది కిలోల ఎనిమిది వందల గ్రాములు తూగింది. మరో రెండు వందల గ్రాములకు చోటుంది.

కరామా

నఫ్తాలి ఉండేది కరామాలో, మూడంతస్తుల పాత మేడలో ఒక గది. అదే ఫ్లాటులో ఇంకో కుటుంబం, ఇద్దరికీ కలిపి ఒక వంటిల్లు. ఏసీల మరమ్మతు ఒప్పందాలు ఫోన్లో అమ్మే ఉద్యోగం వాడిది. నఫ్తాలి గోత్రానికి యాకోబు ఇచ్చింది ఇంపైన మాటలు. మా నాన్న పెట్టిన పేర్లలో సరిగ్గా అతికింది ఇదొక్కటే అనుకుంటాను. విమానాశ్రయం నుంచి ఇల్లు చేరేలోపల టాక్సీ నడిపే ఆయనకు కూడా ఒక ఒప్పందం అమ్మబోయాడు.

వీధి నిండా మన తిండే. గడప దాటితే దోసె, మలుపు తిరిగితే బిర్యానీ. ఆంధ్రా భోజనం పద్దెనిమిది దిర్హాంలు. దిర్హాం ఇరవై రెండున్నర రూపాయలు, కాబట్టి నాలుగు వందల అయిదు. టీ ఒకటిన్నర దిర్హాం, ముప్పై మూడు రూపాయల డెబ్బై అయిదు పైసలు. అన్నం ఎన్నిసార్లయినా వేస్తారని తెలిశాక భోజనం ధర కాస్త న్యాయంగా కనిపించి, మూడుసార్లు వేయించుకున్నాను.

"గుణించుకుంటా తింటే అరగదు చిన్నమామయ్యా" అంది నఫ్తాలి భార్య ప్రసన్న. ఒంగోలు పిల్ల, నర్సు చదివింది. బిడ్డను ఒక చేత్తో ఊపుతూ రెండో చేత్తో నా పళ్ళెంలో అప్పడం పెడుతుంది. బిడ్డను అందరూ 'వీడు' అంటున్నారు. వీడు లేచాడు, వీడు తాగాడు. వేరే మాట లేదు మరి.

"ఆసుపత్రికి వచ్చినప్పుడు అన్నయ్య వీణ్ణి ఎత్తుకోలేదా?" అని అడిగాను.

"ఎత్తుకున్నారు. కాళ్ళు నిమిరారు, వేళ్ళు లెక్కపెట్టారు. తల మాత్రం ముట్టుకోలేదు. తల పట్టుకోకుండా పసిబిడ్డను ఎత్తుకోవడం ఎంత కష్టమో తెలుసా? మోచేతి మీద ఆనించుకున్నారు."

"మీరే ఒక పేరు అనుకుని రాయించెయ్యచ్చుగా?"

ప్రసన్న నఫ్తాలి వంక చూసింది. వాడు, ఇంపైన మాటలవాడు, నా పళ్ళెంలో అప్పడం విరిచి నోట్లో వేసుకున్నాడు.

గంటలు పంచుకున్న మందిరం

ఆదివారం సాయంత్రం చర్చికి వెళ్ళాం. ఊరికి దూరంగా ఒకే ప్రహరీ లోపల చర్చిలన్నీ ఉన్నాయి. మన తెలుగువాళ్ళకు సొంత హాలు లేదు, ఒక హాలులో గంటలు ఉన్నాయి. గోడ మీద పట్టిక చదివి ముచ్చటపడ్డాను. ఒకే రోజు ఏడు భాషలు. మనకు అయిదు నుంచి ఆరూ నలభై అయిదు. పావుగంట బూట్లు వేసుకోవడానికి, ఏడింటికి మలయాళీలు. మా ఊళ్ళో పది గంటల ఆరాధన అంటే పదకొండుకు గంట కొడతారు. ఇక్కడ నాలుగూ యాభై తొమ్మిదికి ఫిలిప్పీన్స్ ఆడవాళ్ళు గిటారు సర్దుకుని నవ్వుతూ బయటికి వచ్చారు, అయిదింటికి మన తబలా లోపలికి వెళ్ళింది.

ప్రసంగం చెప్పినాయన దుబాయ్ ఇన్వెస్ట్‌మెంట్స్ పార్క్‌లో క్రేన్ నడుపుతాడు. మైకు తీగ చుడుతుంటే వెళ్ళి మా అన్నయ్య సంగతి చెప్పాను.

"ఆ దీవెనల అధ్యాయం దగ్గరే ఆగిపోతే ఎట్టాగండీ?" అన్నాడాయన. "ఎన్నో తరాల తర్వాత ఆ గోత్రాలవాళ్ళు దావీదును రాజును చెయ్యడానికి వచ్చారు. ఎవరు ఎంతమందో లెక్క రాసుంది. ఎక్కువమందికి వేలల్లో. ఇస్సాకారు వంశం దగ్గరికి వచ్చేసరికి రెండు వందల మంది పెద్దలు. కాలం తెలిసినవాళ్ళు, ఎప్పుడేం చెయ్యాలో ఎరిగినవాళ్ళు అని. గాడిద దీవెన అక్కడ తేలింది. తీసుకెళ్ళి మీ అన్నగారికి చూపించండి."

ఆ రాత్రి ఆ లెక్క మొత్తం చదివాను. మా జెబూలూనువాళ్ళు యాభై వేలు. కొంచెం గర్వపడ్డాను. రెండు వందల మంది మాట మాత్రం చీటీ మీద రాసి జేబులో పెట్టుకున్నాను.

ఆగని స్టాపులు

మంగళవారం మధ్యాహ్నం ఒక్కణ్ణే, అన్నయ్య కంపెనీ క్యాంపు ఉన్న సజ్జాకు బయలుదేరాను. షార్జా దాకా బస్సు పన్నెండు దిర్హాంలు. అక్కడి నుంచి ఇంకో బస్సు. "పద్నాలుగో స్టాపులో దిగు బాబాయ్" అన్నాడు నఫ్తాలి. పేర్లు చదవడం కన్నా అంకెలు లెక్కపెట్టడం నాకు తేలిక కదా అని సంతోషపడ్డాను.

బస్సు ఆగిన ప్రతిసారీ వేలు మడిచాను. పదకొండు వచ్చేసరికి ఫ్యాక్టరీలు అయిపోయాయి. పన్నెండుకు పాత ఇనుము కుప్పలు. పదమూడు తర్వాత ఇసుక, ఇసుకలో కంచె, కంచె వెనక ఒంటెలు. అప్పుడు అర్థమైంది. ఎక్కేవాడూ దిగేవాడూ లేకపోతే అక్కడ బస్సు ఆగదు. నేను స్టాపులు లెక్కపెట్టలేదు, బస్సు ఆగిన సార్లు లెక్కపెట్టాను. ముప్పై ఏళ్ళ నుంచి దుంగలు కొలుస్తున్నాను, ఇంత తేలిక తప్పు ఎప్పుడూ చెయ్యలేదు.

దిగి రోడ్డు పక్కన నిలబడితే ఒక పఠాన్ పికప్ ఆపాడు. వెనక గొర్రెలు ఏడు. నా హిందీ అంతంతమాత్రం. అన్న పేరు, కంపెనీ ఏం చేస్తుందో చెప్పాను. ఇస్సాకారు ఎవరో వివరించబోయి యాకూబ్ కొడుకు అన్నాను.

"యాకూబ్ నబీ కా బేటా?" అన్నాడు అతను, ప్రవక్తగారి కొడుకా అని ఆశ్చర్యపోయి, బండి నెమ్మది చేసి.

"నహీ భాయ్, ప్రకాశం మాస్టర్ కా బేటా" అన్నాను.

చాలాసేపు నవ్వాడు. క్యాంపు గేటు దగ్గర దించి, డబ్బు ఇవ్వబోతే, "ఖలాస్, చాచా" అని చెయ్యి ఊపి వెళ్ళిపోయాడు.

రెండో అంతస్తు, ఆరో గది

అన్నయ్య పనిచేసేది రోడ్ల అంచుకు వేసే సిమెంటు రాళ్ళు పోసే ఫ్యాక్టరీలో. వాచ్‌మన్ నా పేరు పుస్తకంలో రాసుకుని పైకి పంపాడు. గదిలో రెండేసి చొప్పున ఒకదాని మీద ఒకటిగా ఎనిమిది మంచాలు. అన్నయ్యది కింద మంచం, అటో ఇనప బీరువా, ఇటో ఇనప బీరువా. రెండు దొడ్ల మధ్య, అనుకున్నాను కానీ పైకి అనలేదు.

"గంటన్నర ఆలస్యం. ఒంటెల దాకా పోయినావా?" అన్నాడు.

"నీకెట్టా తెలుసు?"

"కొత్తోళ్ళందరూ పోతారు. కూర్చో."

పప్పు చేశాడు, ఎండు రొయ్యలు వేయించాడు. వదిన గోంగూర మూత తీయగానే గదిలోకి నలుగురు వచ్చారు. అందులో యాకూబ్ బాషా ఉన్నాడు, రాయచోటి మనిషి, అన్నయ్య పై మంచం ఆయనది, పదకొండేళ్ళ నుంచి. తిన్నాక నా చీటీ తీశాను. రెండు వందల మంది పెద్దలు, కాలం తెలిసినవాళ్ళు, అంతా చదివి వినిపించాను.

అన్నయ్య శ్రద్ధగానే విన్నాడు. "పెద్దలు రెండొందలు. మరి ఆ వంశంలో మొత్తం ఎంతమంది?"

"అక్కడ ఆ లెక్క రాయలేదు."

"ఎందుకు రాస్తారు? మిగతావాళ్ళంతా మోసినోళ్ళు." పళ్ళెం కడిగి బోర్లించాడు. "చూడరా జెబూ, నాన్న నన్ను తిట్టాడని నేననడం లేదు. ప్రేమతోనే చెప్పాడు. చెప్పిందంతా జరిగింది. నోటి మాట ఊరికే పోదు. నా చేతిలో ఉన్న మాట అది ఒక్కటే. అది తీసుకెళ్ళి ఆ పసిగుడ్డు నెత్తిన పెట్టమంటావా?"

"వేరే పేరు, వేరే మాట చెప్పు. ఇంకా పదకొండున్నాయి."

"నాకు లేనిది నేనెట్టా ఇస్తాను?"

చీటీ మడిచి మళ్ళీ జేబులో పెట్టుకున్నాను. యాకూబ్ బాషా పై మంచం మీది నుంచి అన్నాడు: "మా తట్టు గూడా ఉండాది చిన్నన్నా. యాకూబ్ నబీ సచ్చేముందు కొడుకుల్ని పిల్చి, నా తర్వాత మీరు ఎవర్ని కొలుస్తారని అడిగినాడంట. మీ యాకోబు మాదిరి గాడిద, లేడి అని ఎవర్నీ అనలా."

"నువ్వు పడుకో" అన్నాడు అన్నయ్య.

గేటు ఎదుటి కెఫెటీరియా

క్యాంపు లోపలికి ఆడవాళ్ళను రానివ్వరు. శుక్రవారం సెలవు కాబట్టి, మధ్యాహ్నం నమాజు అయ్యాక నఫ్తాలి స్నేహితుడి కారు అడిగి తెచ్చాడు. నలుగురం, వీణ్ణి కలిపి, గేటు ఎదుటి కెఫెటీరియా బయట బల్ల దగ్గర కూర్చున్నాం. అన్నయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. బిడ్డకు ఎనభై ఏడో రోజు. ఆ రోజు కాదంటే వాళ్ళిద్దరూ ఏం చెయ్యాలో నాకు తెలియదు. చెయ్యి లేకుండా పేరు రాయించనని నఫ్తాలి దారిలో అన్నాడు. "గడువు దాటితే రోజుకింత జరిమానా. నువ్వు కడతావా, మీ తాతయ్య కడతాడా?" అని ప్రసన్న అడిగింది.

టీ వచ్చింది. ఎవరం మొదలుపెట్టాలో తెలియక అందరం టీ తాగుతున్నాం. ఇంతలో యాకూబ్ బాషా వచ్చాడు. "అన్నా, నా బతాకా అయిపోయేది ఎప్పుడు?" బతాకా అంటే లేబర్ కార్డు.

"మార్చి పద్నాలుగు. నీ పాస్‌పోర్టు అంతకంటే ముందే పోతుంది, మార్చి రెండున. ఆదివారం ముదీర్‌కు ఇయ్యి. సోమవారం ఆయన ఉండడు." ముదీర్ అంటే మేనేజరు.

ఆయన వెళ్ళాడు. ఇంకొకడు వచ్చాడు. ఊరికి వెళ్ళడానికి టికెట్టు ఏ వారం చవక? రంజాను ముందు వారం వద్దు, పండగ అయిన పది రోజులకు తీసుకో. మరొకడు. నా సెలవు ఎన్ని రోజులు జమ అయింది? యాభై మూడు. జగిత్యాల కుర్రాడు ఒకడు, వాళ్ళ అమ్మ కంటి ఆపరేషన్ ఏ తారీఖో అన్నయ్యను అడిగి తెలుసుకున్నాడు. వాడే ముందు నెల చెప్పాడట, వాడు మరిచిపోయాడు, అన్నయ్య మరిచిపోలేదు. ఇరవై నిమిషాల్లో నలుగురు. అన్నయ్య ఒక్కసారి కూడా ఫోన్ చూడలేదు, వేళ్ళు మడవలేదు.

నేను నోరు తెరిచాను.

"నువ్వు చెప్పబోయేది నాకు తెలుసు. మూసుకో" అన్నాడు అన్నయ్య. "ఇది తెలివి కాదు. పందొమ్మిదేళ్ళు ఒకచోట పడుంటే గోడకైనా తెలుస్తుంది."

ప్రసన్న టీ గ్లాసు బల్ల మీద పెట్టింది. "మామయ్యా, నేనొకటి అడుగుతాను, కోపం తెచ్చుకోవద్దు. వీడికి టీకా వేయించినప్పుడు ఏడ్చాడు. నేను నర్సునే, అయినా నాకూ ఏడుపొచ్చింది. అట్టాగని వేయించకుండా ఉన్నానా? వీడి నెత్తి మీద ఇంతవరకు మా ఇంటి పెద్దవాళ్ళ చెయ్యి పడలేదు. మంచి మాట లేకపోతే మాటే వద్దు. చెయ్యి చాలు."

జవాబు కోసం ఎదురు చూడకుండా బిడ్డను తెచ్చి అతని ఒళ్ళో పెట్టేసింది. తల ఈసారి మోచేతి మీదికి రాలేదు, మోకాలి మీదికి వచ్చింది. పడిపోకుండా పట్టుకోక తప్పలేదు.

అన్నయ్య అరచేయి ఎత్తాడు. సిమెంటుకు చీలి, బిరుసెక్కిన చెయ్యి. దాన్ని ఒకసారి చూసుకుని, తిప్పి, వెనక వైపు, కాస్త మెత్తగా ఉండే వైపు, బిడ్డ మాడు మీద ఆనించాడు. మేం లేచి నిలబడ్డాం. కెఫెటీరియా మలయాళీ కూడా పొయ్యి తగ్గించాడు.

"విశ్రాంతి మంచిదని వీడు చూడాలి" అన్నాడు అన్నయ్య. "నేల బాగుందని వీడు చూడాలి."

తర్వాతి ముక్క కోసం నేను ఎదురు చూశాను. అక్కడితో ఆపేశాడు. నాన్న ఇచ్చిన నాలుగు ముక్కల్లోంచి రెండోదాన్ని మాత్రం తీసి ఇచ్చాడు. అది అతనికి లేనిదేమీ కాదు. ఎప్పుడూ అందులోనే ఉంది. ఆ సంగతి నేనుగానీ మా నాన్నగానీ గమనించలేదు. వీడు నిద్రలోనే ఉన్నాడు. మొదటి సగం వాడికి ముందే తెలిసినట్టుంది.

"పేరు వాళ్ళమ్మ ఇష్టం" అన్నాడు అన్నయ్య ముక్కు తుడుచుకుంటూ.

"ఆషేరు" అంది ప్రసన్న, ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా. "వాడికి తిండికి లోటుండదంటగా. ఆసుపత్రిలోనే అనుకున్నాను."

ఇంతలో యాకూబ్ బాషా మళ్ళీ వచ్చి బల్ల ముందు నిలబడ్డాడు. ఈసారి టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. "మా తలకాయలేం పాపం జేసినాయన్నా? మా నాయన పొయ్యి తొమ్మిదేండ్లాయ. అప్పట్నుంచి ఈ నెత్తి మింద హెల్మెట్ తప్ప ఏమీ పడలా."

"నేనేం పాస్టర్నా?" అన్నాడు అన్నయ్య.

"నాకు పాస్టర్ యాడ పనికొస్తాడు? పెద్దోడివి, దువా జెయ్యి. యల్లా, కానియ్యి."

చేశాడు. అవే రెండు మాటలు. యాకూబ్ బాషా వెనక జగిత్యాల కుర్రాడు తలవంచుకుని నిలబడి ఉన్నాడు. "నాకు భూమి లేదు గద కాకా" అన్నాడు వాడు.

"సొంతమని ఎవడన్నాడు? చూడమన్నాను."

వాడి వెనక ఇంకొకడు, వాడి వెనక ఇద్దరు. శుక్రవారం కాబట్టి అందరూ తలంటుకుని, నూనె రాసుకుని ఉన్నారు. వరస కెఫెటీరియా దాటి సైకిళ్ళ దాకా వెళ్ళింది. నేను లెక్కపెట్టాను, ముప్పై ఒక్కమంది. నేనూ నిలబడదామనుకున్నాను. తమ్ముడివి, నీదేం తొందర అన్నట్టు అన్నయ్య కళ్ళతోనే పక్కకు తప్పుకోమన్నాడు. పదమూడో తల అయ్యేసరికి, వాళ్ళను సరుకులకు తీసుకెళ్ళే కంపెనీ బస్సు వచ్చి హారన్ మోగించింది. వారానికి ఒకటే బస్సు. వరస చెదిరిపోయింది. పరుగెత్తుతూ ఒకడు, "మాది వచ్చే శుక్రవారమన్నా" అని అరిచాడు.

ఆషేరుకు పాస్‌పోర్టు నూట నాలుగో రోజున వచ్చింది. అన్నయ్య శుక్రవారం సాయంత్రాలు నాకు ఫోన్ చేసి లెక్క చెబుతున్నాడు. మిగిలిన పద్దెనిమిది మందిలో ఏడుగురికి చెయ్యి పెట్టాడు. ఈలోపల కొత్తగా ముగ్గురు వరసలో చేరారు, అందులో ఒకడు బస్సు నడిపేవాడు. నన్ను కలపవద్దంటాడు, ఇంటికి వచ్చినప్పుడు చూద్దామంటాడు. నన్ను వదిలేస్తే ఈ రోజుకు మా అన్నయ్య బాకీ ఉన్న తలలు పద్నాలుగు.